పిల్లను దిగబెట్టి పొమ్మన్నాను

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మందిరం మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఉంటే, మా సంఘంలోని ఒక చిన్న తల్లి నా పక్కకు వచ్చి నిలబడింది.

"టీచరమ్మా, మా బాబుకు నాలుగో పుట్టినరోజు చేస్తున్నం. బడిల వాని ఎంబడి చదివే పిల్లలను పిలుద్దామనుకుంటున్నం. పిల్లలను పంపుండ్రి అని చెప్పాల్నా, మీరు గూడ రాండ్రి అని చెప్పాల్నా? అందర్ని రమ్మంటే ఇల్లు సరిపోదు. పిల్లలనే రమ్మంటే ఏమన్న అనుకుంటరేమో" అని అడిగింది.

ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించవచ్చు. కాని ఆ ప్రశ్న వినగానే నా నోట మాట రాలేదు. 2018 నవంబరులో ఇదే ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినదానను నేను. ఆ సంగతి మా ఇంటివారికి, మా అయ్యగారి భార్యకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ పత్రిక చదివే తల్లులకు, నానమ్మలకు, అమ్మమ్మలకు పనికివస్తుందేమోనని ఇప్పుడు వ్రాస్తున్నాను.

మా చిన్నతనంలో ఈ చిక్కు లేదు. ఎందుకంటే పుట్టినరోజులే లేవు. నేను కురవి మండలంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఒకటవ తరగతిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే తల్లులు "పెద్దవాన పడ్డ ఏడు" అనేవారు, "జాతర అయిన మూడోనాడు" అనేవారు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంచకూడదు. బడిలో చేరటానికి ఐదేళ్ళు నిండాలి గనుక లెక్క సరిపోయేటట్టు జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవాళ్ళం. ఆ విధంగా నా చేతివ్రాతతో పుట్టినరోజు వచ్చిన పిల్లలు ఈ చుట్టుపక్కల తండాల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళ ఆధార్ కార్డుల మీద కూడా అదే తేదీ.

పుట్టినరోజు లేకపోయినా పిలుపుకు మాత్రం పద్ధతి ఉండేది. పెళ్ళికి గాని, మరి దేనికి గాని గడపలోకి వచ్చి "ఇంటికొకరు రావాలె" అంటే ఒక్కరే వెళ్ళేవారు. "ఇంటిల్లిపాది రావాలె, ఇంటికి గొళ్ళెం పెట్టి రావాలె" అంటే ముసలివాళ్ళు, చంకలో బిడ్డ, ఆనాడు ఇంటికి వచ్చిన చుట్టం కూడా. ఎందరు రావాలో పిలిచేవారి నోటిమాటలోనే ఉండేది. పెద్దలను విడిచి పిల్లలను మాత్రమే పిలవటమనేది ఎవరి ఊహలోనూ లేదు. నాలుగేళ్ళ పిల్ల పరాయి ఇంట్లో ఒక్కతే కూర్చుని తింటుంటే, పాపం తల్లి లేని పిల్ల కాబోలనుకునేవారు.

మన క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినరోజు ఇంకో దారిన వచ్చింది. ఆ వారం పుట్టినరోజు ఉన్నవారు ఆదివారం ముందుకు వచ్చి కృతజ్ఞతార్పణ వేయటం, అయ్యగారు తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించటం, సాయంత్రం ఇంట్లో కూడిక, తరువాత టీ బిస్కెట్లు, దేవుడు ఇచ్చినకొద్దీ భోజనం. అది పెద్దలు, పిల్లలు అందరూ చాపల మీద కూర్చునే కూడిక. అక్కడ తల్లి ఉండాలా వెళ్ళాలా అని ఎవరూ అడగరు. కేకు, బెలూన్లు, అట్ట టోపీలు, వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో పెట్టే రిటర్న్ గిఫ్టు, ఇవన్నీ ఇంగ్లీషు మీడియం బడులతో పాటు మన ఊళ్ళకు వచ్చాయి. వాటితో కలిసి "మీ పాపను పంపండి" అనే మాట కూడా వచ్చింది. పంపటమంటే ఏమిటి? తెచ్చినవారు గేటు దగ్గర ఆగాలా, గడప దగ్గర ఆగాలా, లోపలికి వచ్చి కూర్చోవాలా? ఆ మాటలో ఆ సంగతి లేదు.

ఇక మా ఇంటి సంగతి. మా మనవరాలికి నాలుగేళ్ళు నిండాయి. కురవిలోనే ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చదువుతోంది. మా కోడలు సికింద్రాబాదులో పెరిగిన పిల్ల. మంచిది, పనిమంతురాలు. తరగతిలోని పిల్లలు పద్నాలుగు మందికి చీటీలు వ్రాసి డైరీలలో పెట్టించింది. "సాయంత్రం 4:30 నుండి 6:30 వరకు. మీ పాపను, బాబును తప్పక పంపగలరు" అని. "పెద్దవాళ్ళను రమ్మనలేదేమమ్మా?" అని అడిగితే, "మా వైపు అంతే అత్తమ్మా. తల్లులు దిగబెట్టి వెళ్ళిపోతారు, అయిపోయాక వచ్చి తీసుకుపోతారు. వాళ్ళకూ రెండు గంటలు తీరిక దొరుకుతుంది" అంది. నాకు కూడా సబబుగానే తోచింది.

అప్పుడు నాకు తట్టని విషయమొకటి ఉంది. వాళ్ళ అపార్టుమెంటులో తల్లి వెళ్ళిపోయిందంటే లిఫ్టులో రెండంతస్తుల కిందికి వెళ్ళిందని అర్థం. పిల్ల ఏడిస్తే ఒక్క ఫోను చాలు, కూర మాడకముందే వచ్చి వాలుతుంది. కురవిలో వెళ్ళిపోవటమంటే ఆటో కోసం నిలబడి, అది నిండేదాకా ఆగి, తండాకు చేరటం. మాట అక్కడిదే తెచ్చుకున్నాం గాని ఆ మాటకు ఆసరాగా ఉన్న లిఫ్టును తెచ్చుకోలేదు.

ఆ సాయంత్రం టెంటుహౌసు నుండి ఇరవై కుర్చీలు తెప్పించి వరండాలో వేయించాను. అయ్యగారు, అమ్మగారు, మా అబ్బాయి ఆఫీసువారు, నాతో పనిచేసి రిటైరైన ఇద్దరు టీచర్లు వస్తారని. నాలుగుంబావుకే గేటు చప్పుడైంది. మొట్టమొదట వచ్చింది తండా నుండి ఒక తల్లి. ఆమె నా దగ్గర ఐదో తరగతి వరకు చదువుకున్న పిల్ల. మంచి చీర కట్టుకుంది గాని, తలలో ఎక్కడో పత్తి పోగు ఒకటి ఇంకా అంటుకునే ఉంది. చేతిలో రంగుకాగితం చుట్టిన చిన్న పొట్లం. కొంగు పట్టుకుని ఆమె కూతురు.

"బాగున్నరా టీచర్?"

"బాగున్న బిడ్డా. పాపను ఇక్కడ దిగబెట్టి నువ్వు పో. పత్తి ఏరే దినాలు గద, నీకు పని ఉంటది. ఆరున్నరకు వస్తే చాలు. మేం చూసుకుంటం."

ఆమె నా భుజం మీదుగా వరండాలోని కుర్చీల వైపు ఒకసారి చూసింది. "సరే టీచర్" అంది. పిల్ల చేతిని విడిపించి నా చేతిలో పెట్టింది. ఆ పొట్లం మాత్రం ఇవ్వలేదు. నేనూ గమనించలేదు.

ఆమె కూలి పోకూడదని దయతో అన్నాననుకున్నాను. చదువరీ, నిజం వ్రాయటానికి కూర్చున్నాను గనుక వ్రాస్తాను. ఆ దయలో ఇంకొకటి కలిసి ఉంది. ఆఫీసువాళ్ళు, చుట్టాలు వచ్చే వేళకు ఆమెను ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో నాకు తోచలేదు. మరి పది నిమిషాలకు అదే తరగతి పిల్లల తల్లులు ఇద్దరు వచ్చారు. ఒకరి భర్త బ్యాంకులో ఉద్యోగి, ఇంకొకరు ఎరువుల దుకాణం వారు. "రాండ్రి రాండ్రి, కూర్చోండ్రి" అని నేనే కుర్చీలు జరిపాను. చీటీలో ఉన్న మాట అందరికీ ఒక్కటే. వాళ్ళను మాత్రం వెళ్ళమనాలని నాకు తట్టనే లేదు.

కేకు కోయటం, ప్రార్థన, పాట, చప్పట్లు అన్నీ అయ్యాయి. మా అబ్బాయి స్నేహితుడు నురుగు డబ్బా ఒకటి పట్టుకొచ్చి పిల్లల తలలమీద కొట్టబోతే అమ్మగారు ఆపారు. ఆమె చేసింది మంచి పని. ఆ నురుగును బయటికి తోసే వాయువు చాలా డబ్బాల్లో మండే స్వభావం గలది. వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర కొడితే భగ్గుమంటుంది. నాలుగేళ్ళ పిల్లలు కేకును చుట్టుకుని నిలబడేచోట దాని అవసరమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తండా పాప గోడకు ఆనుకుని నిలబడింది. కేకు పళ్ళెం చేతికిస్తే పట్టుకుంది గాని తినలేదు. నేను వంగి అడిగితే "యాడి" అంది. లంబాడీ భాషలో అమ్మ అని. ముప్పై ఏళ్ళు ఆ పిల్లలకు పాఠాలు చెప్పినదానను, ఆ మాట నాకు తెలియనిది కాదు. "వస్తది వస్తది" అని తల నిమిరి వంటింట్లోకి పోయాను. కుర్చీలాట మొదలైంది. పాటల పెట్టె మోత, పిల్లల కేకలు, సమోసాలు సరిపోతాయా లేదా అని నా గుబులు నాది.

ఆరుంబావుకు కోడలు బహుమానాల సంచులు పంచింది. పద్నాలుగు సంచుల్లో ఒకటి మిగిలింది. "ఎవరికి రాలేదు?" అని అడుగుతుండగానే నా గుండె జారింది. ఇల్లంతా వెదికాం. మంచాల కింద, మేడమీద, బాత్రూములో, ఎక్కడా లేదు. కోడలు నా దగ్గర ఉందనుకుంది. నేను ఆటలో ఉందనుకున్నాను. ఆట ఆడించే అబ్బాయి, తల్లి వచ్చి తీసుకుపోయిందనుకున్నాడు. పండుగకు యెరూషలేము వెళ్ళి తిరిగివస్తూ మరియమ్మ, యోసేపు పన్నెండేళ్ళ కుమారుని గుంపులోనే ఉన్నాడనుకుని ఒక దినమంతా నడిచారని ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పానో. అంత జాగ్రత్త గల తల్లిదండ్రులు ఎలా మరచిపోయారని పిల్లలు అడిగితే నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. ఆ సాయంత్రం తెలిసింది. వాళ్ళు మరచిపోలేదు. గుంపు పెద్దదైతే ప్రతివారికీ పిల్ల ఇంకొకరి దగ్గర ఉన్నట్టే కనబడుతుంది.

వెనుక దొడ్లో నీళ్ళ సంపు ఉంది. టెంటుహౌసు కుర్రాడు బకెట్టుతో నీళ్ళు తోడుకుని మూత సగం తెరిచి వదిలేశాడు. అది చూసి నా కాళ్ళు వణికాయి. మా అబ్బాయి టార్చి వేసి, వెదురుకర్రతో అడుగంతా కదిలించి చూశాడు. ఆ రెండు నిమిషాలు నేను ఏమి ప్రార్థించానో నాకు గుర్తు లేదు. శివరాత్రికి మొదలయ్యే మా ఊరి వీరభద్రస్వామి జాతరలో పిల్ల తప్పిపోతే మైకులో పిలుస్తారు, ఎర్రగౌను వేసుకున్న పాప ఫలానా చోట ఉందని. మన ఇంట్లోనే తప్పిపోయిన పిల్లకు మైకెక్కడిది? గేటు చూస్తే బార్లా తీసి ఉంది. కూల్‌డ్రింకుల పెట్టె దించినవాళ్ళు మూయలేదు. ఆ అవతల రోడ్డుమీద లారీలు.

అమ్మగారు ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటి వీధి మలుపు దాకా వెళ్ళారు. అక్కడినుండి చెయ్యి ఊపారు.

మలుపులో చేతిపంపు గద్దె, దాని పక్కన వేపచెట్టు ఉన్నాయి. ఆ గద్దె మీద ఆ తల్లి కూర్చుని ఉంది. పాప ఆమె ఒడిలో నిద్రపోతోంది. ఆ పొట్లం పక్కనే ఉంది. తల్లి ఎటు వెళ్ళిందో గేటు సందులోంచి చూసి పెట్టుకున్న పిల్ల, సందు దొరకగానే అటే పోయింది. రోడ్డెక్కక ముందే తల్లి కంటబడింది. ఆమె నేను చెప్పినట్టు ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇక్కడ వ్రాయను.

"పోలేదా బిడ్డా నువ్వు?" అన్నాను. ఇంకేమనాలో తెలియక.

"ఆటో నిండెదాంక ఆగి పోయి, మళ్ల వచ్చేసరికి మీరు చెప్పిన టైము దాటిపోతది టీచర్. అందుకే ఈడనే కూసున్న."

"మరి లోపలికి రాకపోతివి?"

"మీరే పొమ్మంటిరి గద టీచర్."

కోపంతో అనలేదు. బళ్ళో నేను "బయట నిలబడు" అంటే నిలబడినట్టుగానే, టీచరు చెప్పింది గనుక చేసింది. సగం రోజు కూలి వదులుకుని రెండు గంటలు చేతిపంపు గద్దె మీద కూర్చుంది. పాప ఏడ్చుకుంటూ వచ్చినప్పుడు తిరిగి లోపలికి తీసుకువద్దామనుకుందట, కాని మళ్ళీ ఏమంటానో అని ఆగిపోయిందట. పొట్లంలో ఉన్నది చిన్న స్టీలు గ్లాసు. మా మనవరాలి పేరు దానిమీద చుక్కలు చుక్కలుగా కొట్టించింది. కేకు కోసిన తరువాత తన చేతితో ఇచ్చి, అందరితోపాటు ఫొటోలో నిలబడాలని దానిని నాకివ్వకుండా దగ్గరే పెట్టుకుంది.

ఇంట్లోకి తీసుకువచ్చాము. అప్పటికి వచ్చినవారిలో చాలామంది వెళ్ళిపోయారు. వరండాలో ఇరవై కుర్చీల్లో పదిహేను ఖాళీ. "కూర్చో బిడ్డా" అంటే ఆమె గడప పక్కన కింద కూర్చుంది. కోడలు వచ్చి ఆమె పక్కనే కింద కూర్చుని అన్నం పెట్టింది. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, తనే చేసింది.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ అమ్మగారు ఒక మాట అన్నారు. చిన్నపిల్లలను ప్రభువు దగ్గరకు తీసుకువచ్చినప్పుడు శిష్యులు గద్దించింది పిల్లలను కాదు, తీసుకువచ్చినవారిని అని. నేను ఆ వాక్యభాగం మీద ఎన్నో పిల్లల పండుగల్లో మాట్లాడాను. ఎప్పుడూ పిల్లల గురించే మాట్లాడాను.

మా పక్క మండలం డోర్నకల్. అక్కడి ఎపిఫనీ కథీడ్రల్ చూడని క్రైస్తవ కుటుంబం ఈ ప్రాంతంలో ఉండదు. 1939లో ప్రతిష్ఠించిన ఆ ఆలయాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతం నుండి 1909లో డోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో ఆయన లేచి, మిషనరీలు మాకు ఎంతో ఇస్తున్నారు, త్యాగం చేస్తున్నారు, కాని మాతో స్నేహితులుగా ఉండటం లేదని ముఖం మీదనే చెప్పారు. సభలో చాలామందికి అది రుచించలేదని చరిత్రలో చదువుతాము. ఆయన కథను నేను బళ్ళో, సంఘంలో గర్వంగా చెప్పినదానను. తెల్లవారు మనవారిని తమ బల్ల దగ్గర కూర్చోనియ్యలేదని చెప్పినప్పుడల్లా నేను కూడా కూర్చోనియ్యబడనివారి పక్షాన ఉన్నట్టే అనుకునేదానను. నా గేటు దగ్గర నేను ఎటు నిలబడ్డానో ఆ రాత్రి తెలిసింది.

తరువాత మా చిన్నమ్మాయికి ఫోనులో ఇదంతా చెప్పాను. ఆమె అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. విని నవ్వి, "మా తప్పు దీనికి తలకిందులమ్మా" అంది. వాళ్ళ బాబు కిండర్‌గార్టెన్‌లో ఉండగా ఒక తెల్లవాళ్ళ పిల్లవాని పుట్టినరోజుకు కార్డు వచ్చిందట. మన పద్ధతిలో భార్యాభర్తలు, అత్తగారు, చంటిపాప అందరూ కలిసి వెళ్ళారు. అక్కడ తలకింత అని డబ్బు కట్టి ఆటల హాలు మాట్లాడుకున్నారు, తినుబండారాలు కూడా పిల్లల లెక్కకే. మిగిలిన తల్లులు పిల్లలను దించి చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. పిలిచిన తల్లి ముఖం మీద నవ్వు చెరగనియ్యలేదు గాని, వీళ్ళ నలుగురికి పళ్ళేలు వెదుక్కోవలసి వచ్చింది. ఇంటికి వచ్చి మా అమ్మాయి సిగ్గుతో ఏడ్చింది. అప్పటినుండి కార్డు రాగానే ఫోను చేసి, "నేను ఉండాలా, దిగబెట్టి వెళ్ళాలా?" అని అడిగేస్తుంది. అక్కడ అలా అడగటం తప్పు కాదు. చాలామంది కార్డులోనే వ్రాసేస్తారు. మూడు నాలుగేళ్ళ పిల్లలైతే తల్లో తండ్రో ఉండటమే వాడుక, బడికి వెళ్ళే వయస్సు వచ్చాక దిగబెట్టి వెళ్ళటం మొదలవుతుంది.

"మరి మన తెలుగువాళ్ళ పుట్టినరోజులకో?" అన్నాను. అక్కడ అందరూ వస్తారట, అందరూ ఉంటారట, కాని పెద్దవాళ్ళు పైన కబుర్లలో, పిల్లలు కింద బేస్‌మెంట్‌లో రాత్రి పది దాకా. చూసేవారు ఉండరు. ఒకసారి పగిలిన బెలూను ముక్క నోట్లో పెట్టుకున్న బిడ్డను పదేళ్ళ అక్క చూసింది గనుక సరిపోయిందని చెప్పింది. అమెరికాలో బెలూన్ల ప్యాకెట్టు మీద ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఊపిరాడకపోయే ప్రమాదం ఉందని తప్పక అచ్చువేయాలని 1994లోనే చట్టం చేశారు. మన దుకాణంలో వంద బెలూన్లు ఒక కవరులో పోసి ఇస్తారు, దానిమీద కోతిబొమ్మ ఉంటుంది.

ఈ సంగతులన్నీ మెట్ల దగ్గర అడిగిన ఆ చిన్న తల్లికి చెప్పాను. అంతా విని, "అయితే ఏం చెయ్యమంటరు టీచరమ్మా?" అంది.

చెప్పింది ఇది. నాలుగేళ్ళ పిల్లలైతే తెచ్చినవారిని కూర్చోబెట్టు. ఇల్లు సరిపోకపోతే పిల్లలను తగ్గించు, తల్లులను తగ్గించకు. పద్నాలుగు మంది బదులు ఆరుగురిని పిలు. పిలిచేటప్పుడు "పంపండి" అనకు, "పాపను తీసుకుని రండి, ఉండి తిని వెళ్ళండి" అను. తెచ్చేది తల్లే కానక్కర లేదు. నానమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, ఆటో నడిపే తండ్రి కావచ్చు. కుర్చీలు వేస్తే అందరికీ కుర్చీలు, చాప పరిస్తే అందరికీ చాప. పని ఉండి వెళ్ళిపోతానన్నవారిని పట్టి ఆపకు, కాని వెళ్ళమని నీ నోటితో అనకు. వెళ్ళేవారు ఫోను నంబరు చెప్పి, పిల్లకు ఏది పడదో చెప్పి వెళ్ళాలి. ఏ చేతిలోనుండి తీసుకున్నావో ఆ చేతిలోనే పిల్లను తిరిగి పెట్టు. గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. సంపు మూత మీద రాయి పెట్టు.

వెళ్ళేవారికి కూడా కొంచెం ఉంది. ఒక్క పిల్లను పిలిస్తే ముగ్గురిని తీసుకువెళ్ళేటప్పుడు ముందుగా ఒక మాట చెప్పటం మంచిది. ఉన్నాము గదా అని పిల్లను వదిలేసి ఫోను చూస్తూ కూర్చుంటే ఉన్నా లేనట్టే. ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చిన పిల్లలను దిగబెట్టి వెళ్ళవచ్చు. వాళ్ళకు కూడా తల్లి కంటి ఎదుట లేని రెండు గంటలు కావాలి గదా.

2019లో మా ఇంట్లో అలాగే చేశాము. ఏడుగురు పిల్లలు, ఏడుగురు పెద్దలు, వరండా అంతా చాపలు. తండా తల్లి కూడా వచ్చింది. గడప దాటి లోపలికి రావటానికి ఆమెకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. 2020లో కరోనా వచ్చింది, ఎవరింటికీ ఎవరూ పోలేదు. ఫోనులో పాట పాడాము.

2022లో ఒక రోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. కూతురికి ఎనిమిదో పుట్టినరోజు. మానుకోట ఆసుపత్రిలో పుట్టిన పిల్ల గనుక దాని తేదీ కాగితం మీద సరిగ్గా ఉన్న తేదీ. "ఇంటికి గొళ్ళెం పెట్టి రావాలె టీచర్, అందరు రావాలె" అంది. మా అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను, నలుగురం వెళ్ళాము.

తండాలో ఆమె ఇంటి ముందు వేపచెట్టు కింద మంచాలు వేశారు. కేకు మానుకోట బేకరీది. జొన్నరొట్టె, మటన్ కూర వాళ్ళ ఇంటివి. పిల్లలు అరుచుకుంటూ సందులన్నీ తిరుగుతున్నారు, ప్రతి గడపలోనూ ఒక ముసలమ్మ వాళ్ళను చూస్తూనే ఉంది. అదే ఊళ్ళో నాతో పనిచేసిన టీచరు ఒకామె మంచంలో ఉందని తెలిసి, "మనవరాలిని ఇక్కడ ఉంచి ఒక్క అరగంట ఆమెను చూసివస్త బిడ్డా" అని లేచాను.

"పాప ఉంటది టీచర్, నేను చూసుకుంట. మీరు మాత్రం తిన్నంకనే పోవాలె" అని ఆమె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

తింటూ అడిగాను. "కూతురికి ఇంత మంచిగ చేస్తివి, నీ పుట్టినరోజు ఎప్పుడు బిడ్డా?"

"మీరు రాసిందే గద టీచర్, జూన్ పది" అని నవ్వి, నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.